ప్రోగ్రెసివ్ అద్దాల్లో ధర కన్నా చుక్కే ముఖ్యం

నలభై అయిదు దాటిన మనిషి కంటి డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని నల్లగొండ ప్రకాశం బజారుకో, మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తాకో వెళ్తే కళ్ళద్దాల దుకాణంలో మొదట అడిగేది ఒక్కటే: "బైఫోకల్ వేయమంటారా, ప్రోగ్రెసివ్ వేయమంటారా సార్?" బైఫోకల్ అంటే దూరపు పవర్‌కూ దగ్గరి పవర్‌కూ మధ్య గీత ఉన్న అద్దం, ప్రోగ్రెసివ్ అంటే గీత లేకుండా పై నుంచి కిందికి పవర్ మెల్లగా మారే అద్దం. ఆ తర్వాత ధరల మాట వస్తుంది. రెండు వేల లోపు మొదలయ్యే ప్రోగ్రెసివ్ జత ముప్పై, నలభై వేలు కూడా దాటిపోతుంది. ఇంత తేడా ఎందుకంటే వచ్చే జవాబు కంపెనీ పేర్లతోనూ రంగుల బొమ్మల చార్టుతోనూ ముగుస్తుంది. ఆ అద్దాలు కుదురుతాయా లేదా అన్నది తేలేది వేరే చోట. ఫ్రేములో ఉండే ఉత్తుత్తి ప్లాస్టిక్ అద్దాల మీద, కంటిపాపకు ఎదురుగా, స్కెచ్ పెన్నుతో పెట్టే రెండు చుక్కల దగ్గర. ఆ పనికి అయిదు నిమిషాలు చాలు. అక్కడ రెండు మిల్లీమీటర్లు తప్పితే నలభై వేల జతైనా తలనొప్పిగానే ఉంటుంది. సరిగ్గా పడితే మధ్యరకం అద్దంతోనూ ఏండ్ల తరబడి గడిచిపోతుంది.

దీని వెనక ఉన్నది వ్యాపార రహస్యమేమీ కాదు, రేఖాగణితం. దానికి ముందు కంటి సంగతి కొంత.

కంటిలోని సహజ కటకం చిన్నతనంలో మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూడగానే దాని చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కటకం ఉబ్బుతుంది, పవర్ పెరుగుతుంది. పవర్‌ను డయాప్టర్లలో కొలుస్తారు. పదేండ్ల వయసులో ఇలా సుమారు పద్నాలుగు డయాప్టర్ల దాకా పెంచుకోగల కన్ను, నలభైకి వచ్చేసరికి నాలుగైదు దగ్గరే ఆగుతుంది. అరవైలో ఒక డయాప్టరు మిగిలితే ఎక్కువ. కటకం ఏటేటా గట్టిపడటమే దీనికి కారణం కాబట్టి కంటి వ్యాయామాలతోనో, క్యారెట్లతోనో ఇది వెనక్కి రాదు. చత్వారం జబ్బు కాదు, బతికున్న ప్రతి ఒక్కరికీ వచ్చేదే.

డయాప్టర్ లెక్క కష్టమైంది కాదు. నూరును సెంటీమీటర్లలోని దూరంతో భాగిస్తే సరి. 40 సెంటీమీటర్ల దూరంలో పేపరు చదవాలంటే 2.5 డయాప్టర్లు కావాలి. 66 సెంటీమీటర్ల దూరంలోని కంప్యూటరుకు ఒకటిన్నర, మూడు మీటర్ల అవతలి టీవీకి మూడోవంతు చాలు. కన్ను తన దగ్గరున్నదంతా ఖర్చు పెట్టి గంటల తరబడి చదవలేదు, సుమారు సగం చేతిలో ఉంచుకుంటేనే హాయిగా పని చేస్తుంది. అందుకే నలభై అయిదేండ్ల కంటిలో నాలుగు డయాప్టర్లు ఉన్నా ఫోను దూరంగా జరపాల్సి వస్తుంది. ఈ లోటును పూడ్చే అదనపు పవర్‌నే చీటీలో "యాడ్" అని రాస్తారు. మొదట్లో +1.00, యాభై దాటాక +2.00 చుట్టూ, అరవై తర్వాత +2.50 దగ్గర స్థిరపడుతుంది.

మహబూబ్‌నగర్‌కు చత్వారం లెక్కల్లో ఒక చోటు ఉంది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఇంటింటి కంటి సర్వే జరిపినప్పుడు, హైదరాబాద్ నగరంతో పాటు ఎంచుకున్న మూడు గ్రామీణ ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ జిల్లాది ఒకటి. మిగతా రెండూ ఆదిలాబాద్, పశ్చిమ గోదావరి. ముప్పై దాటిన గ్రామీణుల్లో సగానికి పైగా చత్వారం ఉన్నట్టు ఆ సర్వే తేల్చింది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలై, 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత అందుకున్న ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు శిబిరాల్లో ఊరూరా జనం చేతికి అందినవి కూడా ఎక్కువగా రీడింగ్ గ్లాసులే. అవి చవకవని తీసిపారేయడానికి లేదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలపై చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవారి ఆకుకోత ఇవ్వనివారి కన్నా ఇరవై శాతానికి పైగా పెరిగింది. అక్కడ ఎవరికీ ప్రోగ్రెసివ్ అద్దాలు ఇవ్వలేదు.

గీత ఉన్న అద్దం, గీత లేని అద్దం

పైన దూరానికి, కింద దగ్గరికి పనికొచ్చేలా రెండు ముక్కలు కలిపిన అద్దాల గురించి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లోనే ఒక ఉత్తరంలో రాశాడు. ఇప్పటికీ మన దుకాణాల్లో దొరికే "కెటి", "డి" బైఫోకల్స్ ఆ ఆలోచనకు మనవలే. కెటిలో కింది ముక్క గుండ్రంగా ఉంటుంది, డి రకంలో పైభాగం సాపుగా, పడుకోబెట్టిన ఇంగ్లీషు D అక్షరంలాగే కనిపిస్తుంది. చూపు ఆ గీత దాటగానే ఎదుటి బొమ్మ ఒక్కసారిగా ఎగిరినట్టు అనిపించడం బైఫోకల్ అందరికీ తెలిసిన ఇబ్బంది. కెటిలో ఆ ఎగురుడు ఎక్కువ, డిలో తక్కువ. అసలు లోటు అది కాదు. యాభై అయిదేండ్ల మనిషికి బైఫోకల్ దూరాన్నిస్తుంది, చదువునిస్తుంది. మధ్యలో ఉన్న మూరెడు నుంచి బారెడు ప్రపంచాన్ని మాత్రం మసకగా వదిలేస్తుంది. కంప్యూటర్ తెర, కిరాణా కొట్టులో ఎదుటి అర, కారు స్పీడోమీటరు, అన్నం కంచం అవతల కూర్చున్న మనిషి ముఖం అన్నీ ఆ మధ్యలోవే.

పవర్‌ను మెట్టులా కాక వాలులా పెంచితే ఎలా ఉంటుందన్న ఆలోచనకు బ్రిటన్‌లో ఓవెన్ ఏవ్స్ 1907లోనే పేటెంటు తీసుకున్నాడు, అది దుకాణం దాకా రాలేదు. ఫ్రాన్స్‌లో బెర్నార్ మెతెనాజ్ అనే యువ ఇంజనీరు 1950లలో పట్టుబట్టి ఆ ఉపరితలాన్ని గీసి, దాన్ని చెక్కే యంత్రాన్ని కూడా తయారు చేయించాడు. 1959లో వారిలక్స్ పేరుతో అది అమ్మకానికి వచ్చింది. ఆ కంపెనీయే తర్వాత ఇంకో సంస్థతో కలిసి 1972లో ఎస్సిలార్ అయింది.

ఇప్పుడు రేఖాగణితం. అద్దం పవర్ దాని వంపులో ఉంటుంది. పై భాగంలో తక్కువ వంపు, కిందికి పోయేకొద్దీ ఎక్కువ వంపు ఉండాలి, మధ్యలో ఎక్కడా గీత ఉండకూడదు. ఇలాంటి ఉపరితలం గీయొచ్చు కానీ దానికో మూల్యం ఉంది. పై నుంచి కిందికి నడిచే, కంటికి కనపడని ఒక్క ఊహా గీత వెంబడే వంపు అన్ని దిక్కులా సమానంగా ఉంటుంది. ఆ గీతకు అటూ ఇటూ జరిగితే నిలువు వంపు ఒకలా, అడ్డం వంపు ఒకలా మారి, చీటీలో లేని సిలిండర్, అంటే ఒక దిక్కున ఒకలా ఇంకో దిక్కున ఇంకోలా ఉండే పవర్, పుట్టుకొస్తుంది. అదే పక్కల్లో కనిపించే మసక, ఊగుడు. జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు గుంటర్ మింక్‌విట్జ్ 1963లో దీన్ని ఒక్క వాక్యంలో బిగించాడు: పై నుంచి కిందికి పవర్ ఎంత వేగంగా పెరుగుతుందో, పక్కకు జరిగేటప్పుడు ఆ అక్కరలేని సిలిండర్ దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుంది. ఏ కంపెనీ అయినా ఈ సూత్రాన్ని దాటలేదు. మంచం మీద దుప్పటి ముడతను ఒక చోట నొక్కితే ఇంకో చోట లేచినట్టు, మసకను ఎటు జరపాలన్నదే డిజైనర్ చేతిలో ఉంటుంది, ఉంచాలా వద్దా అన్నది కాదు.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. యాడ్ +2.00, ఆ పవర్ పెరగడానికి 14 మిల్లీమీటర్ల దారి ఉందనుకుంటే, మిల్లీమీటరుకు 0.14 డయాప్టరు చొప్పున పెరుగుతుంది. పక్కకు దాని రెట్టింపు, అంటే 0.28. అర డయాప్టరు సిలిండర్ దాకా కన్ను సర్దుకుంటుందని అనుకుంటే నడి గీతకు ఇటు 1.75, అటు 1.75 మొత్తం మూడున్నర మిల్లీమీటర్లే తేటగా ఉండే దారి వెడల్పు. అదే యాడ్‌ను పొట్టి ఫ్రేములో పట్టేలా 10 మిల్లీమీటర్ల దారిలో ఇరికిస్తే ఆ వెడల్పు రెండున్నరకు తగ్గుతుంది. యాడ్ +1.00 మాత్రమే అయితే 14 మిల్లీమీటర్ల దారిలో ఏడు మిల్లీమీటర్లు దొరుకుతుంది. ఇవి దారి నడి భాగానికి వేసిన ముతక లెక్కలే అయినా మూడు సంగతులు చెప్తాయి. నలభై అయిదులో, యాడ్ తక్కువ ఉన్నప్పుడే మొదలు పెట్టినవారికి ప్రోగ్రెసివ్ సులువుగా అలవాటవుతుంది. సన్నటి ఫ్యాషన్ ఫ్రేములో +2.50 యాడ్ అడిగితే కష్టాలు కొనుక్కున్నట్టే. మూడోది ముఖ్యమైంది: దారి వెడల్పే మూడున్నర మిల్లీమీటర్లు అయినప్పుడు, ఆ దారిని కంటిపాప ముందు నిలబెట్టడంలో రెండు మిల్లీమీటర్ల తప్పు అంటే దారి మొత్తం తప్పినట్టే.

చుక్క ఎలా పడాలి

చాలా దుకాణాల్లో రెండు కళ్ళ మధ్య దూరాన్ని ఒక్క అంకెగా కొలుస్తారు. 62 అని వచ్చిందంటే ఇటు 31, అటు 31 అని రాసుకుంటారు. మామూలు అద్దాలకు అది చెల్లుతుంది. మనుషుల ముక్కులు మాత్రం ముఖానికి సరిగ్గా మధ్యలో ఉండవు. కుడి కన్ను ముక్కు నడి గీతకు 30 మిల్లీమీటర్ల దూరంలో, ఎడమ కన్ను 32లో ఉండటం సర్వసాధారణం. ప్రోగ్రెసివ్‌కు ఒక్కో కంటికి విడివిడిగా కొలిచిన అంకె కావాలి. బిల్లు మీదో ఆర్డరు ఫారం మీదో రెండు కళ్ళకూ వేర్వేరుగా అంకెలు లేకపోతే అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

ఎత్తు ఇంకా కీలకం. ఎంచుకున్న ఫ్రేమునే ముఖానికి పెట్టాలి. చెవుల దగ్గర కొనలు వంచి, ముక్కు మీది ప్యాడ్లు సరిచేసి, అది జారకుండా కూర్చున్నాకే కొలత తీయాలి. కొలిచేవారు కౌంటరు అవతల నిలబడి పై నుంచి చూస్తే కుదరదు. ఎదురుగా, అదే ఎత్తులో కూర్చుని, దూరాన్ని చూడమని చెప్పి, కంటిపాప నడిమధ్యకు ఎదురుగా అద్దం మీద చుక్క పెట్టాలి. గడ్డం పైకెత్తి బిగుసుకుని కూర్చుంటే చుక్క కిందికి పోతుంది. ఫోటోకు కూర్చున్నట్టు కాక మామూలుగా కూర్చోవాలి. ఆ చుక్క నుంచి ఫ్రేము కింది అంచు దాకా పద్దెనిమిది మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. పద్నాలుగు కన్నా తగ్గితే దగ్గరి చూపు భాగం సగం కోతకే పోతుంది. అద్దం మొత్తం ఎత్తు ముప్పై మిల్లీమీటర్లకు తగ్గని ఫ్రేము ఎంచుకోవడం దీనికోసమే. దగ్గరి చూపు భాగం ముక్కు వైపు రెండు రెండున్నర మిల్లీమీటర్లు లోపలికి జరిగి ఉంటుంది కాబట్టి, ముక్కు పక్క మూలను కోసేసే పైలట్ ఫ్రేములు చూడ్డానికి బాగున్నా చదవడానికి పనికిరావు.

జిల్లా కేంద్రాల్లోని దుకాణాలు ఈ అద్దాలను సాధారణంగా తామే తయారు చేయవు. కొలతలు పెద్ద నగరంలోని ల్యాబుకు పోతాయి, అద్దాలు గుండ్రటి బిళ్ళలుగా వస్తాయి, ఫ్రేము ఆకారానికి కోయడం ఇక్కడో అక్కడో జరుగుతుంది. అంటే చుక్క సరిగ్గా పెట్టినా కోతలో తప్పే వీలుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. ల్యాబు నుంచి వచ్చిన ప్రోగ్రెసివ్ అద్దం మీద పసుపు లేదా తెలుపు సిరాతో చిన్న క్రాస్, పైన ఒక వలయం, కింద ఒక వలయం ముద్రించి ఉంటాయి. క్రాస్ కంటిపాపకు ఎదురుగా రావాలి. చాలాచోట్ల ఆ గుర్తులను స్పిరిట్‌తో తుడిచి, తళతళలాడించి, డబ్బాలో పెట్టి ఇస్తారు. తుడవకముందే ముఖానికి పెట్టించుకుని, క్రాస్ ఎక్కడ పడిందో ఫోనులో ఫోటో తీయించి చూసుకోవడం మంచిది. కొనేవారికి ఈ మొత్తం వ్యవహారంలో ఉన్న అతి పెద్ద హక్కు అదేననిపిస్తుంది, అడిగేవారు మాత్రం అరుదు.

సిరా పోయినా పోనివి కొన్ని ఉంటాయి. ప్రతి ప్రోగ్రెసివ్ అద్దం మీదా కంటికి సులువుగా ఆనని రెండు సన్నటి చెక్కుడు గుర్తులు, ఒకదానికొకటి 34 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. కణత వైపు గుర్తు కింద యాడ్ అంకె, ముక్కు వైపు కంపెనీ లేదా డిజైన్ గుర్తు చెక్కి ఉంటాయి. అద్దం మీద నోటి ఆవిరి ఊది, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే అవి తేలతాయి. డబ్బు కట్టిన కంపెనీ అద్దమే వచ్చిందా, చీటీలో +2.00 ఉంటే అద్దం మీద 20 అనో 2.00 అనో ఉందా అన్నది ఇలా ఇంట్లోనే చూసుకోవచ్చు. అద్దాలు వచ్చిన కాగితపు కవరు అడిగి తెచ్చుకుని దాచుకోవడం కూడా మంచి అలవాటు.

ఇంత ధర దేనికి

ఖరీదైన అద్దంలో ఏమీ లేదని కాదు. పాత పద్ధతిలో పవర్ వాలు అంతా ముందువైపు అచ్చులో ముందే పోసి ఉంటుంది, వెనకవైపు మాత్రమే మనిషి పవర్‌కు తగ్గట్టు అరగదీస్తారు. ఫ్రీఫామ్ అని పిలిచే కొత్త పద్ధతిలో కంప్యూటర్ నడిపే వజ్రపు మొన ఆ మనిషి పవర్, సిలిండర్, ఫ్రేము వంపు, కంటికి అద్దానికి మధ్య దూరం లెక్కలోకి తీసుకుని ఉపరితలాన్ని చుక్కచుక్కగా చెక్కుతుంది. సిలిండర్ ఎక్కువున్నవారికి, దూరపు పవర్ ఎక్కువున్నవారికి, యాడ్ రెండు దాటినవారికి ఈ తేడా నిజంగా తెలుస్తుంది. దూరపు పవర్ సున్నా దగ్గరే ఉండి, యాడ్ +1.00 ఉన్నవారికి అంత ఖర్చు అవసరమా అంటే చాలాసార్లు కాదు. పైగా ఆ అదనపు కొలతలు తీయకుండా, అందరికీ ఒకే సగటు అంకెలు రాసి పంపితే, ఫ్రీఫామ్ యంత్రం ఆ తప్పు అంకెలకే నిక్కచ్చిగా అద్దం చెక్కి ఇస్తుంది. చార్టులోని పచ్చరంగు వెడల్పులు అమ్మకపు బొమ్మలే, కొలతలు కావు.

నీలి కాంతిని అడ్డుకుంటుందని చెప్పే బ్లూ కట్ పూతకు అదనంగా తీసుకునే డబ్బు గురించి ఒక్క మాట: అలాంటి అద్దాలు కంప్యూటర్ ముందు కంటి అలసటను తగ్గిస్తాయనడానికి తగిన రుజువు లేదని వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. ఆ డబ్బు మంచి యాంటీ గ్లేర్ కోటింగ్ మీద పెట్టడం మేలు. జాతీయ రహదారి మీద రాత్రిపూట ఎదురొచ్చే లారీల లైట్లు ఆ తేడాను చెప్తాయి.

ఎవరికి వద్దు

ఈ ప్రశ్న దుకాణంలో ఎవరూ వేయరు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం మగ్గాల మీదో గద్వాల, నారాయణపేట మగ్గాల మీదో రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే నేతకారుడి కన్ను పని చేసేది దాదాపు ఒకే దూరంలో. గుంట మగ్గం మీద నేత పడే చోటు కంటికి సుమారు 55 సెంటీమీటర్లు ఉందనుకుంటే, కావలసింది 1.8 డయాప్టర్లు. డాక్టరు 40 సెంటీమీటర్లకు లెక్కేసి రాసిన యాడ్ అక్కడ ఎక్కువవుతుంది, మనిషి తెలియకుండానే ముందుకు వంగుతాడు, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. తప్పు మగ్గానిదని అనుకుంటారు. పైగా నేతలో చూపు చీర పన్నా మొత్తం అటూ ఇటూ, అడ్డ పోగును మోసుకుపోయే నాడె వెంట తిరుగుతుంది. ప్రోగ్రెసివ్ అద్దంలో అన్నిటికన్నా పేలవమైనవి ఆ పక్కలే. గద్వాల చీరలో నూలు నడుమ భాగానికి పట్టు అంచును పోగు పోగునా కలిపే కుప్పడం నేతలో తప్పు దొర్లేది సరిగ్గా అంచుల దగ్గరే కదా. ఇలాంటి పనికి మగ్గం దూరాన్ని టేపుతో కొలిచి, ఆ అంకెను డాక్టరుకు చెప్పి చేయించుకున్న ఒకే పవర్ అద్దాలు ఏ ప్రోగ్రెసివ్ కన్నా మెరుగు. ఖర్చూ తక్కువే. ఆసు పోయడానికి (పోగులను చట్రం మీద చుట్టడానికి), చిటికి కట్టడానికి (రంగు అంటకుండా పోగులకు ముడులు కట్టడానికి) దూరం వేరు కాబట్టి ఆ పని చేసే ఇంటి ఆడవాళ్ళకు వేరే కొలత కావాలి. ఒకే జత ఇంటిల్లిపాదీ మార్చి మార్చి పెట్టుకోవడం చాలా ఇళ్ళల్లో ఉన్న అలవాటు, అదీ మానాల్సిందే.

దీనికి ఎదురు కొసన బడి పంతులు ఉంటాడు. చేతిలో పుస్తకం, బల్ల మీద హాజరు పట్టీ, చివరి బెంచీలో పిల్లవాడు, అన్నీ నిమిషంలో మారిపోతుంటాయి. ఆర్టీసీ కండక్టర్ది కూడా అంతే: టికెట్ మిషన్, ఎదుటి ప్రయాణికుడి చేతిలో నోటు, కిటికీ బయట స్టేజీ. కిరాణా వ్యాపారికి, బ్యాంకు ఉద్యోగికి, ఊర్లు తిరిగే వ్యవసాయాధికారికి ప్రోగ్రెసివ్ పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది. మీసేవ కేంద్రంలో రోజంతా తెర ముందే కూర్చునేవారి సంగతి మధ్యస్థం. తెర కంటి ఎత్తులో ఉంటే, ప్రోగ్రెసివ్‌లో ఆ దూరానికి సరిపోయే భాగం కిందికి ఉంటుంది కాబట్టి, గడ్డం ఎత్తి ఎత్తి మెడ పట్టేస్తుంది. తెరను నాలుగు అంగుళాలు దించడం మొదటి వైద్యం. కుదరకపోతే ఆఫీస్ అద్దాలని దొరుకుతాయి, తెర నుంచి కాగితం దాకా వెడల్పుగా చూపిస్తాయి. వాటితో బండి మాత్రం నడపకూడదు.

మెడ మాట వచ్చింది కాబట్టి నల్లగొండ వైపుకు సంబంధించిన సంగతి ఒకటి. ప్రోగ్రెసివ్ అద్దం వాడకమంతా మెడ మీద ఆధారపడి ఉంటుంది. పక్కన ఉన్నదాన్ని చూడటానికి కళ్ళు కాదు తల తిప్పాలి, దగ్గరి దాన్ని చూడటానికి కళ్ళు దించాలి, మధ్యలోదానికి గడ్డం కాస్త ఎత్తాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకల్లో చేరి మెడ, వెన్ను బిగుసుకుపోయిన పెద్దలు ఇంకా ఉన్నారు. తలను స్వేచ్ఛగా తిప్పలేని మనిషికి గీత లేని అద్దం అందంగా ఉందని అంటగట్టడం అన్యాయం. దూరానికి ఒకటి, చదవడానికి ఒకటి విడి జతలుగానీ, వెడల్పాటి డి బైఫోకల్‌గానీ వాళ్ళకు అనువు. మెడ అరుగుదల ఉన్న ఎవరికైనా ఇదే వర్తిస్తుంది.

రెండు కళ్ళ పవర్ల మధ్య పెద్ద తేడా ఉన్నవారికీ జాగ్రత్త కావాలి. కుడికి −1.00, ఎడమకు −4.00 అయితే అద్దం నడిమికి పన్నెండు మిల్లీమీటర్ల కింద చదివేటప్పుడు రెండు బొమ్మలు నిలువునా 3.6 ప్రిజమ్ డయాప్టర్ల (బొమ్మ ఎంత జరిగిందో చెప్పే కొలత) మేర తప్పుకుంటాయి. నిలువు తేడాను కళ్ళు భరించేది చాలా తక్కువ. −2.50 దగ్గర హ్రస్వదృష్టి ఉన్నవారికైతే దేవుడిచ్చిన రీడింగ్ గ్లాసులు ఉన్నట్టే, అద్దాలు తీసేస్తే పేపరు చదవొచ్చు. షుగర్ అదుపులో లేనివారు పరీక్ష కొన్నాళ్ళు ఆపుకోవాలి. రక్తంలో చక్కెర పైకీ కిందికీ పోతుంటే పవర్ కూడా మారుతుంటుంది, ఖరీదైన అద్దం నెలకే పనికిరాకుండా పోవచ్చు. మోతిబిందు ఆపరేషన్ అయినవారు కూడా డాక్టరు చెప్పినదాకా, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఆగాలి.

మెట్లు, ఒడ్లు

ప్రోగ్రెసివ్‌తో నిజమైన ప్రమాదం పాదాల దగ్గరుంది. నిలబడ్డ మనిషి కంటికి పాదం సుమారు ఒకటిన్నర మీటరు దూరం. తల వంచకుండా కళ్ళు మాత్రమే దించితే చూపు పోయేది కింది భాగం నుంచి, అది సరిచేసి ఉన్నది 40 సెంటీమీటర్లకు. మెట్టు అంచు మసకబారుతుంది, ఎత్తు అంచనా తప్పుతుంది. నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లైనా, బీచుపల్లి దగ్గర కృష్ణ ఘాట్ మెట్లైనా, దిగేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించేలా తల మొత్తం వంచి పై భాగం నుంచి చూడాలి. వరి మడి ఒడ్డు మీద నడిచే రైతుకు ఇది రోజూ ఉండే పని. పడిపోయే ముప్పు ఉన్న వృద్ధులపై ఆస్ట్రేలియాలో జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో, బైఫోకల్, ప్రోగ్రెసివ్ వాడేవారికి బయట తిరగడానికి ఒకే పవర్ దూరపు అద్దాలు అదనంగా ఇచ్చి చూశారు. తరచూ బయట తిరిగేవారిలో పడిపోవడాలు తగ్గాయి. ఇల్లు కదలనివారిలో మాత్రం ఆ మార్పిడి మేలు చేయకపోగా బయట పడటం పెరిగింది. కాబట్టి డెబ్బై ఏండ్లకు మొట్టమొదటిసారి ప్రోగ్రెసివ్ మొదలుపెట్టించడం కన్నా, పొలం పోయేందుకు దూరపు జత ఒకటి, ఇంట్లో చదవడానికి ఒకటి ఉంచడమే తెలివి. పాతికేండ్లుగా బైఫోకల్ వాడి, దానితో ఏ ఇబ్బందీ లేని మనిషిని "ఇప్పుడందరూ ఇదే వాడుతున్నారు" అని మార్చడంలో లాభం దుకాణానికే.

కుదరకపోతే

కొత్త ప్రోగ్రెసివ్‌కు కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా సమయం ఇవ్వాలి. పొద్దున లేవగానే పెట్టుకుని రాత్రి దాకా ఉంచాలి. మధ్యలో పాత బైఫోకల్‌కు మారితే మెదడు మళ్ళీ మొదటికొస్తుంది. మొదటి రెండు మూడు రోజులు బండి నడపకపోవడం మంచిది. అప్పటికీ కుదరకపోతే "అలవాటవుతుందిలే" అన్న మాటకు తల ఊపి రావద్దు. ఇబ్బంది ఏ తీరులో ఉందో చూస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. చదవాలంటే గడ్డం బాగా ఎత్తాల్సి వస్తే చుక్క కిందికి పడింది. దూరం చూడాలంటే తల దించాల్సి వస్తే చుక్క పైకి పోయింది. పేపరును పక్కకు జరిపితేనో తల ఒక వైపు తిప్పితేనో తేటగా కనిపిస్తే కళ్ళ మధ్య దూరం తప్పింది. ఒక్కో కన్ను మూసి చూస్తే ఏ అద్దానిదో కూడా తేలుతుంది. పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తేవాల్సి వస్తే యాడ్ ఎక్కువైంది, చెయ్యి చాపాల్సి వస్తే తక్కువైంది. ఈ రెండింటికీ దుకాణానికి కాదు, చీటీ రాసిన చోటికి వెళ్ళాలి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ముక్కు. పాలమూరు ఎండల్లో చెమటకు ఫ్రేము జారి మూడు మిల్లీమీటర్లు దిగిందంటే, చుక్క మూడు మిల్లీమీటర్లు కిందికి పడినట్టే లెక్క. ప్యాడ్లు లేని ప్లాస్టిక్ ఫ్రేములు ఇందులో మరీ మొండివి. పైసా ఖర్చు లేకుండా ప్యాడ్లు నొక్కించి, చెవి కొనలు వంచి తెచ్చుకుంటే "పవర్ తప్పింది" అనుకున్న అద్దాలు కొన్ని అక్కడికక్కడే దారికొస్తాయి. అది కాదని తేలితే, అద్దం మీది చెక్కుడు గుర్తుల ఆధారంగా క్రాస్‌ను పెన్నుతో మళ్ళీ గీయమని దుకాణంలో అడగొచ్చు. ప్రతి కంపెనీకీ అందుకు ఒక చార్టు ఉంటుంది. గీసిన క్రాస్ కంటిపాప మీద లేకపోతే తప్పు వాదన లేకుండా రుజువైనట్టే. చాలా కంపెనీలు అలవాటు కాని అద్దాలను గడువులోగా మార్చి ఇస్తాయి, కొన్ని బైఫోకల్‌కు మార్చుకోనిస్తాయి. ఆ గడువు ఎన్ని రోజులో, మార్పిడి ఖర్చు ఎవరిదో డబ్బు కట్టకముందే బిల్లు మీద రాయించుకోవాలి.